దిగిందా?

ఈ చప్పుడుకి అంతం లేదు. మూడు ట్రాంపొలిన్ల మీద ముగ్గురు ఆడపిల్లలు ఒకేసారి ఎగురుతున్నారు, పోటీకి ముందు ఒళ్ళు వేడెక్కించుకోవడమట, చట్రం చుట్టూ బిగించిన స్ప్రింగులన్నీ ఒక్కసారిగా సాగి, మూలిగి, మళ్ళీ బిగుసుకుంటున్నాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. నాకు పడనిది ఆ నిశ్శబ్దమే. చప్పుడంటే పిల్ల కింద ఉందని, నిశ్శబ్దమంటే పిల్ల పైన ఉందని. పదకొండేళ్ళుగా నేను ఆ నిశ్శబ్దాల్లోనే బతికాను, కళ్ళు గట్టిగా మూసుకుని, చేతిసంచి పట్టీని చూపుడువేలికి చుట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని. నా కూతురు పోటీలో ఎగరడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. విన్నానంతే. ట్రాంపొలిన్ వల నడుమ ఎర్రగా కూడిక గుర్తు ఉంటుంది, దాని మీద దిగితే మూలుగు గుండ్రంగా వస్తుంది, పక్కకి దిగితే ఒక వైపు స్ప్రింగులు కీచుమంటాయి. పది మూలుగులు గుండ్రంగా వినిపించి, ఆ పైన చప్పట్లు మోగితే, అప్పుడు కళ్ళు తెరుస్తాను. నిలబడి ఉంటుంది. చాలు, నాకదే పతకం. మిగతాది లోహం.

ఇవాళ మాత్రం కళ్ళు మూసుకోవద్దంది. పొద్దున లాడ్జి గదిలో మంచం అంచున కూర్చోబెట్టి దాని జుట్టు ముడి వేస్తున్నాను, గాల్లో ఒక్క పాయ కూడా విడిపోకూడదు, కంట్లో పడిందంటే అంతే సంగతులు, అందుకని నుదుటి చర్మం సాగేదాకా బిగిస్తాను, రోజూ అయితే “అమ్మా, పుర్రె ఊడొస్తుంది” అని అరుస్తుంది, ఇవాళ అరవలేదు. అద్దంలోంచి నన్ను చూస్తూ, “అమ్మా, ఈసారి కళ్ళు మూసుకోకు. చూడు” అంది. దువ్వెన నా చేతిలోనే ఆగిపోయింది. ఎందుకే అన్నాను. “ఊరికే. ఒక్కసారి చూడవా?” అంది. ఎవరంటారు అలాంటి మాట? పోయేవాళ్ళంటారు. తిరిగి రామేమో అని లోపల తెలిసినవాళ్ళంటారు. ఒక్కసారి చూడవా అంటే, ఇంకోసారి ఉండదనేగా. జాగ్రత్తే అన్నాను, దానికి నవ్వింది, “అదెప్పుడూ చెప్పేదేగా” అంది. అవును, ఎప్పుడూ చెప్పేదే. బస్సెక్కేటప్పుడు జాగ్రత్త, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త, వేడినీళ్ళు జాగ్రత్త, స్విచ్ తడిచేత్తో ముట్టకు జాగ్రత్త. పదకొండేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు వాడానో అది అరిగి అరిగి నున్నటి గులకరాయి అయిపోయింది, ఇవాళ నిజంగా విసరాల్సి వస్తే తగిలినా నొప్పి పుట్టడం లేదు. రోజూ మొరిగే కుక్క, దొంగ వచ్చిన రోజూ అలాగే మొరుగుతుంది పాపం. ఎవరు లేచి చూస్తారు?

ఎందుకంటే ఈసారి దొంగ వచ్చాడు. పోటీ దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం ప్రాక్టీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడింది. “అమ్మా, పైన నేనెక్కడున్నానో నాకు తెలియడం లేదు” అంది. అర్థం కాక ఏ పైన అన్నాను. “గాల్లో. రెండో పల్టీ వేసి మెలిక తిరిగేసరికి, ఏది కప్పో ఏది వలో తెలియడం లేదు. తెల్లగా అయిపోతుంది అంతా. కిందికొచ్చాక, ఓహో దిగానా అనుకుంటున్నాను.” ఓహో దిగానా! నా చేతిలోని గిన్నె కింద పెట్టేశాను. నేలమీద నడిచే మనిషి దారి తప్పితే ఎవరినైనా అడుగుతాడు. ముగ్గురు మనుషుల ఎత్తున తలకిందులుగా తిరుగుతూ దారి తప్పితే ఎవరినడగాలి? సార్‌కి చెప్పావా అన్నాను. చెప్పిందట. అదంతా బుర్రలో ఉండే పురుగు, ఇంకా ఎక్కువసార్లు ఎగిరితే అదే చస్తుంది అన్నాడట. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ మాట నేను అంతకు ముందే విన్నాను. అక్షరం పొల్లు పోకుండా.

అదిగో ఉన్నాడు, మెడలో ఈల వేసుకుని, మూడో ట్రాంపొలిన్ దగ్గర. పిల్లలు ఈల సార్ అంటారు. పిల్లలకి ఆయన పేర్లు పెడతాడు, పిల్లలు ఆయనకి పెట్టారు, చెల్లుకి చెల్లు. మా దాన్ని మొదటిసారి చూసింది క్లబ్బు మెట్ల దగ్గర. పక్కన ఈతకొలనులో చేర్పిద్దామని తీసుకెళ్ళాను, నీళ్ళు ముక్కులోకి పోతాయేమో, చెవిలోకి పోతాయేమో అని చేర్చాలా వద్దా అని నేను ఫీజు కట్టే కిటికీ దగ్గర కొట్టుకుంటుంటే, ఇది మెట్లన్నీ ఒక్క గంతులో దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగుతోంది. “ఎవరిదండీ ఈ మిడత? నాకిచ్చెయ్యండి” అన్నాడు. నవ్వాను కూడా. ఏడేళ్ళ పిల్ల. ఆ రోజునుంచి దాని పేరు మిడత, ఇంట్లో కూడా అదే, వాళ్ళ నాన్న పిలిచేదీ అదే. మొదటి క్లాసులో ఎగరడం నేర్పలేదు, ఆగడం నేర్పారు. మోకాళ్ళు వంచు, చేతులు ముందుకు చాపు, వల ఊపునంతా కాళ్ళలోకి తాగేసెయ్యి, కదలకుండా నిలబడు. వారమంతా అదే. పిల్ల విసుక్కుంది గానీ నాకు ప్రాణం లేచొచ్చింది. ఆగడం ముందు నేర్పే ఆట, ఇదేదో బుద్ధిమంతుల ఆటలా ఉందే అనుకున్నాను. తర్వాత పది గంతుల వరస నేర్పారు. ముడుచుకో, విప్పు, కాళ్ళు చాపి అందుకో, సగం తిరుగు, ఇలా పది, పిల్లల వరస అంటారు దాన్ని. మా ఇంటి హాల్లో పరుపు పరిచి, ఇది గెంతుతుంటే నేను ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు ఆ వరస పైకి చదివేదాన్ని. కింద ఇంటావిడ చీపురు కర్రతో కప్పు పొడిచేది. పది అయ్యాక ఆగాలి, రాయిలాగా, కాస్త కదిలినా లెక్కలోకి రాదు. ఆగేది. నన్ను చూసేది. ఆ వరస కట్టి పక్కన పెట్టి ఎన్నేళ్ళయింది? గంతులు పోయి పల్టీలొచ్చాయి, పల్టీ పోయి రెండు పల్టీలు, దానికో మెలిక, మెలికకి ఇంకో మెలిక. ఒక్కోటి చేరినప్పుడల్లా సార్ పళ్ళన్నీ కనబడేలా నవ్వేవాడు, నేను కళ్ళు మూసుకునేదాన్ని.

ఆ గోడమీద అంత పెద్ద బట్ట కట్టారు, ‘భయాన్ని గెలిచినవారే విజేతలు’ అని. రాసినవాడు ఏ కుర్చీలో కూర్చుని రాశాడో, ఆ కుర్చీకి నాలుగు కాళ్ళూ సరిగ్గా ఉండే ఉంటాయి. భయం ఏం చేసిందిరా మిమ్మల్ని? పొయ్యిమీంచి చెయ్యి వెనక్కి లాగించేది భయం కాదూ? రోడ్డు దాటేముందు రెండు వైపులా చూపించేది భయం కాదూ? నేను పనిచేసేది ఆసుపత్రి బట్టల గదిలో. వార్డుల్లోంచి మూటలొస్తాయి, విప్పుతాం, వేరు చేస్తాం, పెద్ద డ్రమ్ముల్లో వేస్తాం. భయాన్ని గెలిచినవాళ్ళ దుప్పట్లు చాలా ఉతికాను నేను. హెల్మెట్ ఎందుకన్నవాడి దుప్పటి, ఈ మాత్రం ఎత్తుకేనా అన్నవాడి దుప్పటి. ఆ నెత్తుటి మరకలు చన్నీళ్ళకే పోతాయి, వేడినీళ్ళు పోస్తే పట్టుకుంటాయి, ఇది తెలిసిన దగ్గర్నుంచి నాకు నిద్ర తక్కువ.

ఒకరోజు మధ్యాహ్నం అత్యవసర విభాగం మూట విప్పాను. దుప్పటి మడతలోంచి ఒక చొక్కా జారిపడింది, కత్తెరతో నిలువునా కోసేసి ఉంది. నీలం రంగు, భుజానికి తెల్ల చారలు, రొమ్ము దగ్గర మా క్లబ్బు గుర్తు. మా మిడత పొద్దున వేసుకెళ్ళిందీ అదే చొక్కా. క్లబ్బులో అందరిదీ అదే చొక్కా అని ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది? చొక్కా పట్టుకుని మెట్లెక్కాను, లిఫ్ట్ కోసం ఆగలేదు, ఎవరో నర్సు ఆపబోతే తోసేశాను. పరదా అవతల మంచం. మంచం మీద మా పిల్ల కాదు. బొంగరం. సార్ పెట్టిన ఇంకో పేరు, మా దానికంటే రెండేళ్ళు పెద్దది, మెలికలు తిరగడంలో దాన్ని మించింది లేదని అలా పిలిచేవాడు. మెడకి పట్టీ, కళ్ళు కప్పు వైపు. మా పిల్ల కాదని తెలియగానే నా మోకాళ్ళలోకి బలం వచ్చింది చూడండి, ఆ బలం వచ్చినందుకు నన్ను నేను ఏం చేసుకోవాలో ఈనాటికీ తెలియదు. మంచం పక్కన వాళ్ళమ్మ నిలబడి ఉంది, నా మొహంలో ఆ బలం రావడం చూసింది. నా చేతిలోని చొక్కా తీసుకుని మడత పెట్టుకుంది, అంతే. తర్వాత ఆమే చెప్పింది, “పిల్ల చెబుతూనే ఉంది వదినా, గాల్లో దారి తప్పుతోందని. సార్ బుర్రలో పురుగన్నాడు. ఎగిరితే చస్తుందన్నాడు.” వల పక్కన మ్యాట్ పట్టుకుని నిలబడాలి ఒకరు, ఎగిరేవాళ్ళు తేడాగా దిగుతుంటే కిందికి తోసేయడానికి, దాని పనే అది. ఆ రోజు మ్యాట్ చట్రానికి ఆనించి ఉందట. సార్ ఇంకో పిల్లకి ఈల వేస్తున్నాడట. ఇప్పుడు బొంగరం చక్రాల కుర్చీలో ఉంటుంది. క్లబ్బు హాల్లో గోడమీద దాని ఫొటో ఉండేది, గాల్లో విల్లులా వంగి. కొన్నాళ్ళకి చూస్తే అదే మేకుకి, అదే చట్రంలో, మా మిడత ఫొటో. చట్రం కూడా మార్చలేదు దొంగ మొహాలు. మూలన అద్దం పగులు కూడా అదే పగులు.

“ఏంటండీ, అలా ఉన్నారు? పెళ్ళికి పిలిచి భోజనం పెట్టనట్టు!” పక్క సీటావిడ. కుందేలు వాళ్ళమ్మ. వాళ్ళ కుందేలు పొద్దున్నే ఓడిపోయింది, నిమ్మళంగా ఉంది అదృష్టవంతురాలు, ఒడిలో బిస్కెట్ల పొట్లం పెట్టుకుని. ఏం లేదండీ అన్నాను. “మీరెప్పుడూ అంతే. మొన్నటి పోటీలో పైన లైటు ఊడి పడుతుందన్నారు. అంతకు ముందు బస్సు బ్రేకులన్నారు. మీకు భయపడ్డానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే తోచదు. తీసుకోండి, బిస్కెట్.” తీసుకున్నాను. గొంతులో సుద్దముక్కలా అడ్డం పడింది. లైటు సంగతి నిజమే, అది వేలాడుతోంది మరి. పడలేదు. పడనివన్నీ నా ఖాతాలోనే రాశారు వీళ్ళు, పడ్డ ఒక్కదాన్ని మాత్రం దురదృష్టమన్నారు.

ఇందాక నడవాలో పట్టుకున్నాను ఆయన్ని. బట్టలు మార్చుకునే గది బయట, నీళ్ళ సీసా నింపుకుంటున్నాడు. సార్, పిల్ల బాగాలేదు, ఇవాళ వద్దు అన్నాను. సీసా కొళాయి కింద పట్టుకునే నవ్వాడు. “అమ్మా, మీరు కూర్చుని నీళ్ళు తాగండి ముందు. ఇవాళ జట్టు ఎంపిక. ఇవాళ ఎగిరితే జట్టులో ఉంటుంది, లేకపోతే ఇన్నేళ్ళూ గెంతింది గెంతుడే.” గాల్లో దారి తెలియడం లేదంటోంది కదండీ అన్నాను. “ఏమీ లేదండీ. నేను రోజూ చూస్తున్నాను కదా. నిక్షేపంలా ఉంది.” బొంగరం కూడా నిక్షేపంలానే ఉంది కదా సార్, ముందురోజు దాకా. అన్నానా ఆ మాట? అన్నాను. నా నోరే అంది. ఆయన నవ్వు ఆగింది, సీసాలోంచి నీళ్ళు పొంగి చేతిమీదుగా కారాయి. “అది వేరు. ఆ అమ్మాయి వినేది కాదు. మీరు దయచేసి మీ భయం పిల్లకి అంటించకండి. మీ భయం పెద్ద జబ్బు” అని వెళ్ళిపోయాడు. వినలేదట! వినీ వినీ కదయ్యా అది ఆ కుర్చీలో కూర్చుంది. నాలుగు అడుగులు వెంటపడి ఆ ఈల తాడు పట్టుకుని లాగుదామనుకున్నాను. నడవా నిండా పిల్లలు, ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు చాపి లాగుతున్నారు, నవ్వుతున్నారు. ఊరుకున్నాను. ఇలా ఊరుకున్నవే నా కడుపులో రాళ్ళై కూర్చున్నాయి.

ఫోను మోగింది. వాళ్ళ నాన్న. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, పదో అంతస్తు సందులో తాడు పట్టుకుని వేలాడుతూ కూడా ఫోన్ చేస్తాడు, అదొక భయం నాకు. ప్రతి పోటీకీ ఆయన అడిగేది ఒకటే, గెలిచిందా అని అడగడు, “దిగిందా?” అని అడుగుతాడు. లిఫ్టు మనిషి కదా. పైకెళ్ళడం ఎవడైనా వెళతాడు, దిగడంలోనే పనితనమంతా ఉంది అంటాడు. “దిగిందా?” అన్నాడు ఇప్పుడూ. ఇంకా ఎక్కనే లేదు అన్నాను. “గొంతేంటే అలా?” ఏం చెప్పను? ఒక్కసారి చూడవా అందని చెప్పనా? ఆయన చేతులు అక్కడ ఏ తాడు మీద ఉన్నాయో. అవ్వగానే చేస్తానులే, రెండు చేతులతో పట్టుకో తాడు అని పెట్టేశాను.

పేర్లు పిలుస్తున్నారు. ఒక పిల్ల అయింది. రెండో పిల్ల అయింది, అంచుకి దిగింది, మ్యాట్ తోశారు, దాని మీద కూలబడి ఏడుస్తోంది, వాళ్ళ కోచ్ భుజం తడుతున్నాడు, ఎవరి పిల్లో, బతికిపోయింది. మా దాని వంతు ఆ తర్వాత. లేచాను. ఎప్పుడు లేచానో తెలియదు, మెట్లు దిగేస్తున్నాను, ఎందుకో, చెయ్యి పట్టుకుని బరబరా ఇంటికి లాక్కుపోవడానికే అయ్యుంటుంది, పద్దెనిమిదేళ్ళయితే మాత్రం లాక్కుపోకూడదా? కింద కంచె దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. “లోపలికి ఎగిరేవాళ్ళు, కోచ్‌లే అమ్మా.” దాని అమ్మని అన్నాను. “ఇక్కడున్నవాళ్ళంతా ఎవరో ఒకరి అమ్మలేనమ్మా, కూర్చోండి.” కాదు నాయనా, దారి తప్పుతోంది అది, నీకు తెలియదు. “బాత్రూమ్ దారా? అటు వైపమ్మా.” ఆ వెధవ కంచె నా నడుం ఎత్తు కూడా లేదు, నా కూతురైతే పిల్లికూన దాటినట్టు దాటేది. నేను రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడ్డాను. అక్కడినుంచి కదలమన్నా కదలను. ఏం చేస్తాడో చేసుకోమను.

ఎక్కింది. తెల్ల సాక్సులు, నల్లటి బట్టలు, నా చేతి ముడి తలమీద గట్టిగా ఉంది. వల నడుమ ఎర్ర గుర్తు మీద నిలబడి, జనంలోకి చూసింది, నా సీటు వైపు, అక్కడ నేను లేను, కుందేలు వాళ్ళమ్మ పక్కన ఖాళీ కుర్చీ ఉంది. వెతికింది. కంచె దగ్గర నన్ను చూసింది. రెండు వేళ్ళతో తన కళ్ళు చూపించుకుంది. చూడు. తెరిచే ఉంచాను తల్లీ, చచ్చినట్టు తెరిచే ఉంచాను, రెప్పలు వణుకుతున్నాయి, సంచి పట్టీ వేలికి బిగిసి వేలు నీలబడింది. జడ్జి చెయ్యెత్తాడు. హాలంతా నోరు మూసుకుంది. మొదటి ఎగురుళ్ళు, లెక్కలోకి రానివి, ఎత్తు కూడగట్టుకునేవి. మూలుగు, నిశ్శబ్దం. మూలుగు, ఇంకాస్త పెద్ద నిశ్శబ్దం. ఇంత ఎత్తు వెళుతుందా ఇది? పదకొండేళ్ళు విన్నాను గానీ ఇంత ఎత్తని తెలియదు. పాదాలు అతికించినట్టున్నాయి, వేళ్ళు సూదుల్లా కిందికి చూస్తున్నాయి, నా పిల్ల, ఎంత సూటిగా, ఎంత దూరంగా.

అప్పుడు సార్‌ని చూశాను. కళ్ళు తెరిచి ఉంటే ఎన్ని కనిపిస్తాయో. ఇందాకటినుంచి మిగతా కోచ్‌లంతా మ్యాట్‌ని పక్కన ఆనించి, ఒక చెయ్యి దానిమీద వేసి, తీరిగ్గా నిలబడ్డారు. ఈయన మొదటి ఎగురుడు నుంచే మ్యాట్ ఎత్తి పట్టుకున్నాడు. రెండు చేతులతో, మోకాళ్ళు వంచి, వేళ్ళ కణుపులు తెల్లబడి, నోరు కొంచెం తెరుచుకుని. పడబోతున్నదాని కోసం నిలబడే నిలబడటం అది. తెలుసు. వీడికి తెలుసు! నిక్షేపంలా ఉందన్నప్పుడు తెలుసు, జబ్బు అన్నప్పుడు తెలుసు, నా భయమంతా వీడి చేతుల్లో ఉంది చూడండి, అచ్చంగా నా భయమే, మ్యాట్ పట్టుకుని నిలబడింది. నాకు జబ్బు, వీడికి జాగ్రత్త! బొంగరం పడ్డప్పుడు నేర్చుకున్నాడన్నమాట, పిల్లని ఆపడం కాదు, మ్యాట్ ఎత్తి పట్టుకోవడం. గొంతు చించుకుని అరుద్దామని నోరు తెరిచాను, అరిస్తే పైనున్న పిల్ల బెదురుతుంది, వంగి పళ్ళు కంచె ఇనుము మీద బిగించాను. ఇనుము ఉప్పగా ఉంది.

ఇప్పుడు మొదలుపెడుతుంది. ఈ ఎగురుడుకి. రెండు పల్టీలు, మెలిక, తెల్లగా అయిపోవడం. పైకి వెళ్ళింది, వెళ్ళింది, కప్పు దీపాల దగ్గర మోకాళ్ళు గుండెకి తెచ్చుకుంది, ఇదిగో తిరుగుతుంది, ఇదిగో, తిరగలేదు. మోకాళ్ళు విప్పేసింది. నిటారుగా దిగింది, గుర్తు మీద. గుండ్రటి మూలుగు. మళ్ళీ వెళ్ళింది, కాళ్ళు ముందుకు చాపి వేళ్ళతో పాదాలు అందుకుంది, వదిలేసింది, దిగింది. వెనక ఎవరో ఫక్కున నవ్వారు. “అయ్యో, మర్చిపోయినట్టుందండీ!” కుందేలు వాళ్ళమ్మ గొంతు అంత దూరం నుంచి వినబడింది. మర్చిపోలేదు. సగం తిరిగింది, ఇప్పుడు మొహం నాకు ఎదురుగా వచ్చింది, కళ్ళు తెరుచుకుని ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి, తనెక్కడుందో దానికి తెలుసు. ఆ వరస. మా ఇంటి హాల్లో పరుపు మీది వరస. నా పెదాలు దానికంటే ముందు కదులుతున్నాయి. ముడుచుకో. విప్పు. ఇప్పుడు కాళ్ళు ఎడం. ఇప్పుడు పూర్తిగా తిరుగు, దిగు. నేను ఏది అంటే అది చేస్తోంది, ఇల్లంత ఎత్తున, నిదానంగా, మా వంటగదిలో నిలబడినంత నిబ్బరంగా. నవ్వులు ఎక్కువయ్యాయి, తర్వాత తగ్గాయి, తర్వాత ఎవరూ నవ్వడం లేదు. ఒక్కటి కూడా గుర్తు దాటి దిగలేదు. పదోది. దిగింది. మోకాళ్ళు వంచింది, చేతులు ముందుకు చాపింది, వల ఊపునంతా కాళ్ళలోకి తాగేసింది. నిలబడింది. రాయిలాగా.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. కాపలా మనిషి అయోమయంగా నా వైపు చూసి చెయ్యి తీసేశాడు, “వెళ్ళండమ్మా” అన్నాడు ఎందుకో. వెళ్ళాను. తెరమీద మార్కులు వచ్చాయి, విన్యాసాల కష్టానికి సున్నా, అంత పెద్ద సున్నా నేనెప్పుడూ చూడలేదు, పళ్ళెమంత ఉంది. జట్టు పోయింది. ఈ పిల్ల గెంతిన పదకొండేళ్ళు, ఆ మోకాళ్ళ మీది మచ్చలు, పొద్దున్నే లేచిన చలికాలాలు, అన్నీ ఆ సున్నాలో పడ్డాయి. అది తెలిసే ఎక్కింది పైకి.

“ఏంటిది? హా? ఏంటిది!” సార్ మొహం ఎర్రబడి ఉంది. “ఏడేళ్ళ పిల్లల గంతులా? ఇక్కడా? జట్టు పోయింది, తెలుస్తోందా నీకు?”

“తెలుసు సార్” అంది మిడత, సాక్సు సర్దుకుంటూ. “రావట్లేదని మీకు చెప్పాను. వచ్చినవి వేశాను.”

ఆయన నా వైపు తిరిగాడు. “మీరేగా ఇదంతా. అంటించారుగా మొత్తానికి.”

పదకొండేళ్ళ మాటలు గొంతు దాకా వచ్చాయి, కోసిన చొక్కా వచ్చింది, మేకు వచ్చింది, చక్రాల కుర్చీ వచ్చింది, ఒకదాన్నొకటి తోసుకుంటూ గుమ్మంలో ఇరుక్కున్నాయి. ఆయన చేతుల వైపు చూశాను.

“ఆ మ్యాట్ కింద పెట్టండి సార్” అన్నాను. “పిల్ల దిగి ఎంతసేపయింది.”

చూసుకున్నాడు. ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాడు, రెండు చేతులతో. కింద పెట్టలేదు, వదలలేదు, దాన్నేం చేయాలో తెలియని వాడిలా అలాగే నిలబడ్డాడు. మా పిల్ల కూడా చూసింది ఆ చేతుల్ని. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. నా కోపం తగ్గలేదు. తగ్గదు, తగ్గనివ్వను, దాని పని ఇంకా ఉంది, ముందుగా క్లబ్బు గోడమీది ఆ మేకు దగ్గర ఉంది, ఆ తర్వాత బొంగరం వాళ్ళమ్మ దగ్గర. ఆమెకి చెప్పాలి ఈ చేతుల సంగతి.

మిడత నా చెయ్యి తీసుకుని, వేలికి బిగుసుకుపోయిన సంచి పట్టీని చుట్టు వెంట చుట్టు విప్పింది. నెత్తురు తిరిగి వేలిలోకి వస్తుంటే సూదులు గుచ్చినట్టయింది. “చూశావా?” అంది. అంతలో సంచిలో ఫోను మోగింది. పక్కనే పిల్ల తల నా భుజానికి ఆనించి నిలబడింది, దాని చెమట నా చెంపకి తగులుతోంది, జుట్టు ముడి చెక్కుచెదరలేదు. ఫోనెత్తాను.

“దిగిందా?”

“దిగింది” అన్నాను. “దిగడం నేను చూశాను.”